అయిదో మెలిక

1986 మే 12, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు ముత్తమ్మ భద్రాచలంలోని మా స్టూడియో మెట్లెక్కింది. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం నా జ్ఞాపకశక్తి కాదు, నా రిజిస్టరు. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏ రోలులో ఎన్నో ఫ్రేము వాళ్ళది, ఎంత వెలుతురులో తీశాను, అన్నీ రాసుకునేదాన్ని. సాయంత్రం స్టూడియో మూసేటప్పుడు ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం అలవాటు. అందుకే అది మిగిలింది.

స్టూడియో మా ఆయన పెట్టినది. 1977లో ఆయన పోయాక నేను నడిపాను. డార్క్‌రూమ్ పని, అంటే చీకటి గదిలో ఫిల్ము కడగడం, ఫోటోలు అచ్చువేయడం, ఆయన ఉండగానే నాకు వచ్చు. కెమెరా పట్టడం ఆ తరువాత నేర్చుకున్నాను. 1981లో గోదావరి అవతల సారపాకలో ఉండే ఒక కాగితం మిల్లు ఆఫీసరు తన అల్సేషన్ కుక్కకు ఫోటో కావాలన్నాడు. స్టూడియోకు తెస్తే అది లైట్లకు బెదిరి, వెనక వేలాడదీసిన రంగుల తెరను తడిపింది. అప్పటి నుంచి కుక్కల ఫోటోలకు నేనే ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాను. ముత్తమ్మ వచ్చేనాటికి రిజిస్టరులో అలాంటి కుక్కలు ముప్పై ఎనిమిది.

కుక్క ఫోటోలో కష్టం వెలుతురుది. ఫ్లాష్ వెలిగిస్తే కుక్క పారిపోతుంది. వెలిగించకపోతే ఇంటి నీడలో షట్టర్ స్పీడు, అంటే కెమెరా కన్ను తెరిచి ఉంచే కాలం, సెకనులో ముప్పయ్యో వంతు పెట్టాల్సి వచ్చేది. వినడానికి అది తక్కువ కాలమే. కుక్క తల తిప్పడానికి అది చాలు, బొమ్మ చెదిరిపోతుంది. అందుకని నా సంచిలో అయిదడుగుల స్టీలు గొలుసు ఒకటి ఉండేది. రెండు కొసలకూ కొక్కేలు. ఒక కొస కుక్క మెడ చుట్టూ, ఇంకో కొస స్తంభం చుట్టూ తిప్పి, కదలడానికి మూడంగుళాలు మాత్రం వదిలేదాన్ని. కొక్కేల స్ప్రింగులు పోయి రెండేళ్ళయింది. కొత్త గొలుసు కోసం కొత్తగూడెం పోవాలి. పోకుండా, కొక్కెం మూతికి బైండింగ్ వైరు, అంటే సన్నటి ఇనపతీగ, చుట్టి కటింగ్ ప్లయరుతో నాలుగు మెలికలు తిప్పేదాన్ని. పని కాగానే నా చేత్తోనే విప్పేదాన్ని. ముప్పై ఎనిమిది సార్లూ విప్పాను.

ముత్తమ్మకు అప్పుడు యాభై దగ్గర ఉంటాయి. లోపలికి రాకుండా షోకేసు ముందే నిలబడి అల్సేషన్ ఫోటో వంక చూసింది.

"అమ్మా, గా కుక్క ఫోటో నువ్వే తీసినవా?"

"నేనే."

"ఆఁ?"

"నేనే తీశాను," అన్నాను గట్టిగా.

"నాకు చెవులు తక్కువ. తిట్టినట్టు చెప్పు, ఏమనుకోను."

ఆమె భర్త లింగయ్య సారపాక మిల్లులో వెదురు లారీలు దించే కాంట్రాక్టు కూలి. అటు సారపాక వైపే గోదావరి గట్టు కింది వాడలో గుడిసె. పిల్లలు లేరు. ఎండాకాలం వస్తే ఆమె బీడీ ఆకు కోతకు అడవికి పోతుంది. వాళ్ళ కుక్క పేరు మోతి.

"ఎల్లుండి బుధారం పంచాయితోళ్లు కుక్కలకు మందు పెడ్తరంట," అంది. "పిచ్చికుక్క ముగ్గురిని కరిసింది. ఊరకుక్కలకేనంట మందు. మాది ఇంటికుక్క సారూ అంటె, రుజువేంది అన్నడు గుమాస్త. మెడల పట్ట లేదు, గొలుసు లేదు, ఎవలు పెట్టినా తింటది, గది ఇంటిదెట్లయితది అన్నడు."

"గొలుసు ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది కదా?"

"ఇయ్యాల ఏసినవా, నిన్న ఏసినవా అంటడు. ఫోటో అయితె కాయితం. ఇంటి ముంగట మొగడు, పెండ్లం, నడుమ కుక్క. కాయితానికి గుమాస్త ఎదురు మాట్లాడడు."

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. అయినా ఒక ఊరకుక్క కోసం ఇంత దూరం ఎందుకు నడిచి వచ్చావని అడిగాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా చెప్పింది.

"అడవిల ఎలుగుబంటి వస్తె ఆకు సప్పుడయితది. అందరికి ఇనబడ్తది, ఉరుకుతరు. నాకినబడదు. మోతి నాకంటె పది అడుగులు ముంగట నడుస్తది. అది ఆగితె నేనాగుత. అది మర్రితె నేను మర్రుత. నా చెవులమ్మా అది. ఏడేండ్లాయె."

ఆ సాయంత్రమే వస్తానన్నాను.

నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలకు వాళ్ళ గుడిసె ముందున్నాను. లింగయ్య డ్యూటీ దిగి వచ్చి, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. మోతి ఎర్రమట్టి రంగు, ఎడమ చెవి కొస చిరిగింది, బక్క మెడ. చూరు కింద నీడ ఉంది. అపర్చరు, అంటే కెమెరా కన్ను ఎంత వెడల్పు తెరవాలో చెప్పే అంకె, అయిదు పాయింట్ ఆరు, షట్టరు ముప్పై. రోలులో పన్నెండు ఫ్రేములు.

మొదటి మూడు కట్టకుండానే తీశాను. మోతి నిలవలేదు. నన్ను వాసన చూసింది, కెమెరా స్టాండు వాసన చూసింది, లింగయ్య ఒడిలోకి ఎక్కబోయింది.

"కూసోవే," అన్నాడు లింగయ్య. "అమ్మ ఏమన్న సూది ఇస్తదా?"

"నువ్వు ఊపిరి బిగబట్టుకుని కూసున్నవు, అందుకే అది భయపడ్తున్నది," అంది ముత్తమ్మ. "దవాఖానల కూసున్నట్టు ఉన్నది నీ మొఖం."

"నీ మొఖం బాగున్నది తియ్యి, పెండ్లిల కూసున్నట్టు."

గొలుసు తీశాను. మెడకు తిప్పి, కొక్కేనికి వైరు చుట్టి, నాలుగు మెలికలు. రెండో కొస చూరు మోసే టేకు గుంజకు తిప్పి మళ్ళీ నాలుగు. వైరు కొసలు కుక్కకు గుచ్చుకోకుండా లోపలికి మడిచి ప్లయరుతో నొక్కాను. చెవులు నిక్కబెట్టించడానికి మాకొక కిటుకుంది: కెమెరా పక్కన అగ్గిపెట్టె గలగలలాడించడం. అలా ఆడించగానే మోతి చెవులు లేచాయి.

"నాకు ఇనబడలే, దానికి ఇనబడ్డది," అంది ముత్తమ్మ, కుక్క చెవులనే చూస్తూ.

మిగిలిన తొమ్మిది ఫ్రేములు అయిదు గంటలకు అయిపోయాయి. ప్లయరు తీసి విప్పడానికి వంగాను. ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యమ్మా. బుధారం దాటినంక ఇస్త. గొలుసు ఉంటె ఇంకా మంచిది గద."

నాకూ అదే మంచిదనిపించింది. రిజిస్టరులో ఆ రోజు పేజీ అడుగున 'తిరిగి రావలసినవి' అని రాసి, గొలుసు ఒకటి అని వేసుకున్నాను.

ఫిల్ము కడిగాక చూస్తే పన్నెండులో ఏడు చెదిరాయి, అయిదు సరిగ్గా వచ్చాయి. తొమ్మిదో ఫ్రేము అన్నిటికంటే మేలు. భర్త, భార్య, మధ్యలో నిటారుగా కూర్చున్న మోతి, మెడలో మెరుస్తున్న గొలుసు. మంగళవారం మధ్యాహ్నానికి ప్రింటు ఇచ్చాను. ఆమె దాన్ని మైదాతో తలుపుకు అంటించిందట. బుధవారం మందు ఉండలు పట్టుకుని వచ్చిన గుమాస్తా తలుపు ముందు ఆగి నవ్వాడట.

"కుక్కకు గూడ రేషన్ కార్డు తీసినవా ముత్తమ్మా?" అన్నాడట. తన మనుషులను ముందుకు పొమ్మన్నాడట.

ఆ రోజు ఆ వాడలో పదకొండు కుక్కలు చచ్చాయని, మోతి చావలేదని ముత్తమ్మ నాకు గురువారం వచ్చి చెప్పింది. ఆకు కోత ముగియడానికి ఇంకా రెండు మూడు వారాలుంది. గొలుసు సంగతి నేను అడగలేదు. గుంజ పైన చూరు ఉంది కాబట్టి గొలుసును పైకి జరిపి తీయడం కుదరదు; అందుకని అడవికి పోయే రోజుల్లో లింగయ్య మిల్లు నుంచి ప్లయరు అడిగి తెచ్చి, పొద్దున గుంజ వైపు విప్పేవాడట, సాయంత్రం కట్టేవాడట. మెడ వైపు గొలుసు అలాగే ఉండేది, మిగతాది కుక్క భుజాలకు చుట్టి పంపేవారు. జూన్ మొదట్లో కోత ముగిసింది. ప్లయరు మిల్లుకు తిరిగిపోయింది. ఆ తరువాత గుంజ వైపు కూడా విప్పలేదు.

జూలై 9, బుధవారం, మిల్లు క్వార్టర్లలో ఒక పొమేరియన్ ఫోటో తీయడానికి పోయి, తిరిగి వస్తూ వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. రిజిస్టరులో ఆ గొలుసు తిరిగి వచ్చినట్టు గీత కొట్టకుండా యాభై ఎనిమిది రోజులయింది. అలాంటివి నాకు నిద్రపట్టనివ్వవు.

మోతి గుంజ దగ్గర పడుకుని ఉంది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి చర్మం నున్నగా కనబడుతోంది. నన్ను గుర్తుపట్టి తోక ఆడించింది.

"ఇంకా విప్పలేదేమిటి ముత్తమ్మా?"

"శ్రావణం పోనియ్యమ్మా. మల్ల మందు పెడ్తరంటున్నరు. ఇప్పుడు అడవిల పనేమున్నది దానికి? అన్నం తింటది, పంటది. మిల్లు ఆఫీసరు కుక్కలెక్క అయింది."

"అవ్, జీతమే లేదు," అన్నాడు లోపలి నుంచి లింగయ్య.

నవ్వాను. వంగి చూశాను. గుంజ దగ్గర వైరు తుప్పుపట్టింది. లింగయ్య కట్టిన మెలికలు వంకరగా ఉన్నాయి, ఒకటి సడలింది. సడలిన కట్టు చూసి ఊరుకోవడం నా వల్ల కాదు. డార్క్‌రూమ్‌లో తాడుకు వేలాడే క్లిప్పు వంకరగా ఉన్నా సరిచేసి కాని బయటికి రాని మనిషిని. సంచిలోంచి ప్లయరు తీశాను. ఆ ప్లయరుతో విప్పవచ్చు. నేను బిగించాను. సడలిన దాన్ని సరిచేసి, దాని మీద ఇంకొక మెలిక వేశాను. అయిదో మెలిక. కొసలు లోపలికి మడిచి నొక్కాను. మోతి నా మణికట్టు నాకింది. బస్సు అయిదు ఇరవైకి. వాన మొదలవుతోంది. వచ్చేశాను.

ఆ ఏడు ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద సంగతి ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మూడో ప్రమాద హెచ్చరిక దాటాక కూడా నది ఆగలేదు. మా స్టూడియోలో నీళ్ళు ఛాతీ ఎత్తు నిలిచాయి. నీళ్ళు తీశాక నేను తలుపు తెరిచేసరికి ఎన్‌లార్జరు, అంటే నెగెటివును పెద్ద ఫోటోగా అచ్చువేసే యంత్రం, పక్కకు ఒరిగి దాని కటకం నిండా బురద ఉంది. మంచి నెగెటివులన్నీ వేడి తగలకూడదని కింది చెక్క బీరువాలో, కాగితపు తొడుగుల్లో, వరస నంబర్లతో పెట్టేదాన్ని. బొమ్మ ఉండేది ఫిల్ము మీద పల్చటి పూతలో. ఆ పూత నీళ్ళలో నాని మీగడలా జారిపోయింది. వట్టి గాజు లాంటి రేకులు చేతికొచ్చాయి.

ఆగస్టు 28, గురువారం, పదకొండు గంటలకు ముత్తమ్మ వచ్చింది. నేను మెట్ల మీద కూర్చుని ట్రేలు కడుగుతున్నాను. ఆమె కుడిచేతి వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది. నా పక్కన కూర్చుంది. స్టూడియోలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"లింగయ్య?"

"బాగున్నడు. మిల్లుల ఉన్నడు ఆ పొద్దు."

తరువాత చెప్పింది. పదిహేనో తారీకు పొద్దున మైకు పెట్టుకుని జీపు తిరిగిందట, ఖాళీ చెయ్యమని. ఆమెకు వినబడలేదు. వాడలో వాళ్ళు పిల్లలనూ మూటలనూ ఎత్తుకుని ఉరుకుతూ ఈమె ముందే పోయిందనుకున్నారు. ఆమె లోపల, ఆ గుంజను ఆనుకున్న తడికకు వీపు పెట్టి బియ్యం ఏరుతోంది.

"వీపుల తడిక అదురుతాంది. ఇదేంది అనుకున్న. బయటికొచ్చి చూస్తె మోతి గొలుసు గుంజుతాంది, మొరుగుతాంది. దాని కాళ్ల కింద నీళ్లు. అది అదరగొట్టకుంటె నేను లోపట్నే ఉందును."

"ఆ తరువాత?"

"విప్పబోయిన."

చేతిలోని ట్రే మెట్టు మీద పెట్టాను.

"వేలు దూరలే. గోళ్లు ఊడినయి. ఆకు కొడవలి పెట్టి కొట్టిన, కొడవలి మొక్కపోయింది. పండ్లు పెట్టిన. మెడకాడ చూసిన, గాడ గంతే ఉన్నది. నడుం దాక వచ్చినయి నీళ్లు. పక్కింటాయన మల్లొచ్చి నన్ను ఎత్తుకపోయిండు. వాని మొఖం గీరిన గూడ. గట్టు మీదికెల్లి చూసిన. చూరు పోయేదాక తల మీదికే పెట్టింది."

గుడ్డ చుట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని, నా చేతుల వంక చూసింది.

"నీ చెయ్యి శాన గట్టిదమ్మా," అంది.

కోపం లేదు ఆ మాటలో. మెచ్చుకోలూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. జూలైలో ఆ అయిదో మెలిక వేసింది నేనే అని ఆమెకు తెలుసు, పక్కనే నిలబడి చూసింది. అయినా నేను చెప్పాను. తిట్టినట్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది, ఆమె చెవికి అందాలి కదా. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఆ రోజు విప్పాల్సింది, ముత్తమ్మా. ప్లయరు చేతిలోనే ఉంది. బిగించాను."

"ఉండనియ్యి అన్నది నేను," అంది. "ఫోటో తలుపుతోని పోయింది. మల్ల ఒకటి ఇస్తవా?" అని అడిగింది. ఆమె వచ్చింది అందుకు.

బీరువాలో ఆ తొడుగు నంబరు నాకు తెలుసు. తీశాను. అయిదు మంచి ఫ్రేములూ తుడుచుకుపోయాయి. తొమ్మిదో దాంట్లో గుంజ ఉన్న చోట మాత్రం ఒక నిలువు గీత మిగిలింది. ఆమెకు ఆ రేకు చూపించి, లేదని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

చెదిరిన ఫ్రేములను పారేసే అలవాటు నాకు లేదు. కొత్త మందునీళ్ళు కలిపినప్పుడు వాటితో పరీక్షించుకోవడానికి కత్తిరించి ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి అటక మీద పెట్టేదాన్ని. పనికిరానివని పైన పెట్టాను కాబట్టి వాటికి నీళ్ళు అందలేదు. ఆ సంగతి నాకు రెండు రోజుల తరువాత తట్టింది. డబ్బా దించి, ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. ముత్తమ్మ రోలులో ఏడూ ఉన్నాయి. మూడో ఫ్రేము పక్కన పెట్టాను.

ఎన్‌లార్జరు లేదు. కాంటాక్ట్ ప్రింటు తీశాను. అంటే నెగెటివును నేరుగా కాగితం మీద పరిచి, పైన అద్దం పెట్టి వెలుతురు తగిలించడం. బొమ్మ నెగెటివు ఎంతో అంతే వస్తుంది, రెండుంపావు అంగుళాల చదరం. కాగితం కొత్తగూడెం నుంచి తెప్పించాను. సెప్టెంబరు 6, శనివారం, గట్టు పైన వాళ్ళు వేసుకున్న తాటాకు పాకకు పోయి ఇచ్చాను.

ఆ ఫ్రేములో లింగయ్య సగం ఉన్నాడు. ముత్తమ్మ మొహం స్పష్టంగా ఉంది, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. మోతి ఆమె మీదికి ఎగబడి ఎడమ చెవి నాకుతోంది. కుక్క మొత్తం చెదిరింది. తల ఎక్కడ, కాళ్ళెక్కడ చెప్పలేం. మా వృత్తి లెక్కలో అది చెడిపోయిన ఫ్రేము.

ముత్తమ్మ దాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దీంట్ల గొలుసు లేదు గద."

"అప్పటికింకా కట్టలేదు."

"అవ్," అంది. "గిదే మోతి. ఎన్నడన్న నిలవడ్డదా అది?" లింగయ్యకు చూపించింది. అతను చూసి బయటికి పోయాడు.

ఆ తరువాత ఈ పని పదమూడేళ్ళు చేశాను. ఇళ్ళకు వెళ్ళి ఇంకా నూట నాలుగు కుక్కల ఫోటోలు తీశాను. ఒక్కదాన్నీ కట్టలేదు. ఎక్కువ వేగం గల ఫిల్ము వాడాను, పన్నెండు ఫ్రేములూ పోతే ఇంకో రోలు వేశాను, చెదిరినవి కూడా ఇంటివాళ్ళకు చూపించి వాళ్ళనే ఎంచుకోమన్నాను. చాలాసార్లు వాళ్ళు ఎంచుకున్నది నేను ఎంచేది కాదు. మోతి సంగతి నేర్పింది ఇంతే: పని కోసం మనం కట్టినదాన్ని, ఎవరు వద్దన్నా, మనమే విప్పి ఆ ఇంటి నుంచి కదలాలి. విప్పడానికి వంగిన మనిషి బిగించి లేవకూడదు.

'తిరిగి రావలసినవి' కింద ఆ గీత ఇప్పటికీ కొట్టలేదు. దాని పక్కన 1986 సెప్టెంబరు 6న రాసుకున్నది ఇది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

నెగెటివులు, మూడు వేల నూట నలభై ఆరు. ఎన్‌లార్జరు, ఒకటి. ముత్తమ్మ ఇంటి తలుపు, దాని మీది ఫోటోతో సహా. ఆకు కొడవలి, ఒకటి. ముత్తమ్మ కుడిచేతి గోళ్ళు, మూడు. స్టీలు గొలుసు, అయిదడుగులది. బైండింగ్ వైరు, రెండు ముక్కలు. ఒకదానికి నాలుగు మెలికలు, ఒకదానికి అయిదు. కుక్క, ఒకటి. పేరు మోతి, ఏడేళ్ళు, ఎర్రమట్టి రంగు, ఎడమ చెవి కొస చిరిగింది.

మరుసటి ఏడు మే నెలలో ఒక వాక్యం కలిపాను: ముత్తమ్మ ఈ ఏడు ఆకుకు పోలేదు.